వీడియో కెమెరా ఎంపిక – 4వ పాఠం: అంగుళం కాని అంగుళం

పోయిన పాఠం చివర సెన్సర్లను (కెమెరా లోపల బొమ్మ పడే చిప్పులను) పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా రాసి పంపమన్నాను. చాలామంది ‘1 అంగుళం’ సెన్సర్‌ను మైక్రో ఫోర్ థర్డ్స్‌కి పైన పెట్టారు. కొందరు ఏపీఎస్-సి కన్నా పైకి కూడా ఎక్కించారు (ఈ రెండూ సెన్సర్ సైజుల పేర్లే). లెక్క కూడా చూపించారు: అంగుళం అంటే 25.4 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్ వెడల్పు 17.3 మి.మీ., కాబట్టి అంగుళమే పెద్దది. గుణకారాలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేర్లు ఇచ్చి కొలతలు ఇవ్వకపోవడం నా తప్పు. ఈసారి షట్టర్ గురించి చెప్పాల్సింది, ముందు ఇది సరిచేసుకుందాం.

ఆ అంగుళం సెన్సర్‌ది కాదు. పాత టీవీ కెమెరాల్లో సెన్సర్ బదులు విడికాన్ అనే గాజు గొట్టం ఉండేది. గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి దానికి సైజు చెప్పేవారు. లోపల బొమ్మ పడే చోటు మాత్రం అందులో మూడింట రెండు వంతులే. గొట్టాలు పోయాయి, సైజు చెప్పే పద్ధతి మిగిలింది. అందుకే ‘1 అంగుళం’ సెన్సర్ అసలు కొలత 13.2 × 8.8 మి.మీ. మూల నుంచి మూలకు కొలిచినా 16 మి.మీ. నిండదు.

నేను వాడే అడ్డదారి ఒకటుంది. అంగుళాల్లో ఏ అంకె రాసినా దాన్ని 16తో గుణిస్తాను, మూల నుంచి మూలకు ఎన్ని మి.మీ. ఉంటుందో దాదాపుగా వచ్చేస్తుంది. 1/2.3 లాంటి బుల్లి సెన్సర్లకు అసలు కొలత దీనికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది, కానీ కెమెరా ఎంచుకోవడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. ఇంకో తమాషా చూడండి: ‘ఫోర్ థర్డ్స్’ అంటే నాలుగు బై మూడు. అంటే అదే గొట్టాల పద్ధతిలో 1.33 అంగుళం. జవాబు పేరులోనే ఉంది, నేను కూడా చెప్పలేదు.

ఇప్పుడు అసలు వైశాల్యాలు. ఫుల్ ఫ్రేమ్ 36 × 24, అంటే 864 చదరపు మి.మీ. ఏపీఎస్-సి సుమారు 367, కానన్‌లో ఇంకాస్త తక్కువ. సినిమా కెమెరాల సూపర్ 35 కూడా ఇంచుమించు ఆ కుటుంబమే. మైక్రో ఫోర్ థర్డ్స్ 225. ‘1 అంగుళం’ 116. 1/2.3 అయితే 28. వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్ అని రెండో పాఠంలో చెప్పుకున్నాం కదా. ఫుల్ ఫ్రేమ్ మైక్రో ఫోర్ థర్డ్స్‌కు దాదాపు నాలుగు రెట్లు, అంటే రెండు స్టాపులు. ‘1 అంగుళం’ సెన్సర్‌కైతే ఏడున్నర రెట్లు, అంటే మూడు స్టాపులకు కాస్త తక్కువ.

వైశాల్యం ఎందుకు ముఖ్యమంటే, వెలుతురు కణాలు కణాలుగా వస్తుంది, సమానంగా రాదు. ఒక చోట సగటున 100 కణాలు పడితే అటూ ఇటూ 10 తేడా ఉంటుంది, అంటే పదోవంతు. 10,000 పడితే తేడా 100, అంటే వందోవంతే. ఆ తేడానే చీకటి భాగాల్లో కదిలే చుక్కలుగా, నాయిస్‌గా మనకు కనిపిస్తుంది. ఐఎస్ఓ (బొమ్మ ప్రకాశం పెంచే సెట్టింగ్) పెంచితే కణాలు పెరగవు, ఉన్నవాటి వాల్యూమ్ పెరుగుతుంది.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించే విషయానికొస్తాను. పై అంకెలు చూసి “అయితే ఫుల్ ఫ్రేమ్ కొనేస్తే రాత్రి షూటింగ్ సమస్య తీరినట్టే” అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఫుల్ ఫ్రేమ్ బాడీ (లెన్స్ కాక మిగతా కెమెరా) కొన్నాను. చేతిలో డబ్బు అయిపోయి, దానితో వచ్చిన 3.5–5.6 జూమ్ లెన్సునే రెండేళ్లు వాడాను. అవి ఎఫ్ అంకెలు, అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ వెలుతురు రానిస్తుంది. జూమ్ పూర్తిగా లాగితే 5.6. మిత్రుడి చిన్న మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాకు 25 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్ ఉండేది. ఒకే గదిలో ఒకే దీపం కింద తీస్తే అతని వీడియోనే శుభ్రంగా వచ్చేది. కెమెరాలో లోపం ఉందనుకుని సర్వీసుకు కూడా ఇచ్చాను.

లోపం నా లెక్కలో ఉంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద మి.మీ.లో రాసేది) ఎఫ్ అంకెతో భాగించండి, వెలుతురు లోపలికొచ్చే కంత వ్యాసం వస్తుంది. 50 మి.మీ. దగ్గర నాది 50/5.6, అంటే సుమారు 9 మి.మీ. అతని సెన్సర్ వెడల్పు దాదాపు సగం కాబట్టి, అదే ఫ్రేమింగ్ (అంతే దృశ్యం) ఇచ్చే అతనిది 25/1.4, సుమారు 18 మి.మీ. వ్యాసం రెట్టింపైతే వెలుతురు నాలుగు రెట్లు. నా సెన్సర్ నాలుగు రెట్లు పెద్దదైనా, దాని మీద పడే మొత్తం వెలుతురు అతని దాంట్లో నాలుగో వంతే.

అదే బాడీకి 50 మి.మీ. ఎఫ్/2.8 పెడితే? 50/2.8 కూడా 18 మి.మీ. సరిసమానం. అంగుళం కెమెరాలో 8.8 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్ అయితే కంత 3.1 మి.మీ. అదే దృశ్యం చూపే ఫుల్ ఫ్రేమ్ 24 మి.మీ. ఎఫ్/4 అయితే 6 మి.మీ. ఇక్కడ మాత్రం ఎఫ్ అంకె పెద్దదైన లెన్సుతో కూడా పెద్ద సెన్సరే గెలుస్తుంది, మూడున్నర రెట్లకు పైగా. కాబట్టి సెన్సర్ పేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. ఫ్రేమింగ్ ఒకటే అయినప్పుడు రెండు కంతలూ పోల్చండి.

“నేను ఫుల్ ఫ్రేమ్‌కే ఎఫ్/1.4 పెడతాను” అంటారా, పెట్టండి. దగ్గర నుంచి తీస్తే ఎదుటివారి కళ్లు స్పష్టంగా, చెవులు మసకగా వస్తాయి. ముందూ వెనకా కూర్చున్న ఇద్దరూ ఫోకస్‌లో ఉండాలంటే ఎఫ్/2.8కో ఎఫ్/4కో దిగాలి. దిగిన మరుక్షణం పెద్ద సెన్సర్ తెచ్చిన లాభం కరిగిపోతుంది. మనిషి ఒక్కరే, కదలకుండా ఉంటే సరే. కదిలేవాళ్లను ఒంటరిగా తీసేవారికి నేనైతే ఏపీఎస్-సి, దానికి ఎఫ్/1.8 లెన్స్ చెబుతాను. ఇది నా ఇష్టం, సూత్రం కాదు.

మిగతావి త్వరగా చెప్తాను. పెట్టె మీద రాసిన గరిష్ఠ ఐఎస్ఓ చూడకండి. మెగాపిక్సెళ్లు కూడా అంతే, 4కె వీడియోకు కావలసినవి 8.3 మెగాపిక్సెళ్లే. చీకటి కోసమే చేసిన సోనీ ఏ7ఎస్ (2014)లో 12, పానసోనిక్ జీహెచ్5ఎస్ (2018)లో 10 మాత్రమే ఉండటం ఊరికే కాదు. ఆ రెండో దాంట్లో ఐఎస్ఓకు 400, 2500 అని రెండు మెట్లున్నాయి. రెండో మెట్టు ఎక్కగానే నాయిస్ తగ్గుతుంది. ఇక 4కెలో కెమెరా సెన్సర్ మొత్తం వాడుతోందా లేదా చూడండి. కానన్ ఈఓఎస్ ఆర్ (2018) ఫుల్ ఫ్రేమే, కానీ 4కెలో దాదాపు 1.75 క్రాప్, అంటే సెన్సర్ వెడల్పును 1.75తో భాగిస్తే వచ్చేంతే వాడుతుంది. వాడుకునేది ఏపీఎస్-సి కన్నా చిన్న ముక్క.

అభ్యాసం. ఒక రాత్రి పడుతుంది, ఓపిక చేసుకోండి. షేడ్ లేని ఒకే చిన్న బల్బు, గోడకు ఆనించిన ముదురు రంగు బట్ట, ట్రైపాడ్ మీద కెమెరా. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 దగ్గర కట్టేయండి, ఎందుకో వచ్చేసారి. నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేయండి. బల్బును బట్టకు 1 మీటరు దూరంలో ఉంచి ఐఎస్ఓ 400 దగ్గర తీయండి. తర్వాత 1.4, 2, 2.8, 4 మీటర్లకు జరుపుతూ ఐఎస్ఓ 800, 1600, 3200, 6400. అపర్చర్ (ఎఫ్ అంకె) కదపకూడదు. ప్రతిసారీ వెలుతురు సగమవుతుంది, ఐఎస్ఓ రెట్టింపవుతుంది, కాబట్టి బొమ్మ ప్రకాశం ఒకేలా ఉండాలి. లేకపోతే ఎక్కడో ఏదో ఆటోలో ఉండిపోయింది, మళ్లీ మొదటి నుంచి తీయండి. పెద్ద తెర మీద చూసి, ఎవరికైనా ఇవ్వడానికి మీకు మొహమాటమనిపించే మొదటి ఐఎస్ఓ దగ్గర ఆగండి. దానికి ముందుది మీ హద్దు.

హద్దు 1600 అయి, మీరు తీసే చోటికి 12,800 కావాల్సి వస్తే కొరత మూడు స్టాపులు. ఎఫ్/4 నుంచి ఎఫ్/1.4కి వెళ్తే అవి లెన్సుతోనే వచ్చేస్తాయి, కొత్త బాడీ అక్కర్లేదు. మీ కొరత లెన్సుతో తీరుతుందా, సెన్సర్ మార్చాల్సిందేనా, రాసి పంపండి. పంపేటప్పుడు లెన్స్ మీది ఎఫ్ అంకె కూడా రాయండి. పోయినసారి అది రాయనివారి లెక్కలు నేను దిద్దలేకపోయాను.