పెద్ద సంఖ్యకు కారణాంకాలు తప్పు లేకుండా ఎలా కనుక్కోవాలి?

1,23,45,678 తీసుకుందాం. కాగితం, పెన్ను, 120 లోపు ప్రధాన సంఖ్యల పట్టిక ఉంటే చాలు. కాలిక్యులేటర్ వద్దు. అది దశాంశాలు చూపిస్తుంది, మనకు కావాల్సింది శేషం.

చివర సరి అంకె ఉంది కాబట్టి 2తో భాగించండి: 61,72,839. అంకెల మొత్తం 36, అంటే 9తో పోతుంది: 6,85,871. ఇప్పుడు అంకెల మొత్తం 35, ఇక 3తో పోదు. చివర 1 ఉంది, 5తోనూ పోదు. ఇక్కడిదాకా అందరూ సరిగ్గానే చేస్తారు.

కారణాంక వృక్షం మాత్రం గీయకండి. 60కో 72కో అది బాగానే ఉంటుంది. ఇంత సంఖ్యకు కొమ్మలు పేజీ అంతా పాకి, చివర్లో ఏదో ఒక కారణాంకం రాయడం మరిచిపోతారు. నిలువుగా భాగించుకుంటూ దిగితే ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుస్తుంది.

అసలు చిక్కు 6,85,871 దగ్గరే. 7, 11, 13 అంటూ 43 దాకా వెళ్లినా ఒక్కదానితోనూ పోదు. చాలామంది ఇక్కడ విసుగొచ్చి ‘ఇది ప్రధాన సంఖ్య’ అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. ఎన్నింటితో ప్రయత్నించామన్నది లెక్కలోకి రాదు, ఎక్కడ ఆపాలో చెప్పేది వర్గమూలం ఒక్కటే. దీని వర్గమూలం 828 పైచిలుకు. ఏదీ దొరక్కపోతే 827 దాకా వెళ్లాల్సిందే. అదృష్టం కొద్దీ తర్వాతి 47తోనే నిశ్శేషంగా పోయి 14,593 వస్తుంది.

ఇప్పుడు హద్దు మారింది, పాత 828ని పట్టుకుని వేలాడకండి. 120 వర్గం 14,400, 121 వర్గం 14,641. 14,593 రెండు సంఖ్యల లబ్ధమైతే ఆ రెండూ ఒకేసారి 120 దాటలేవు, రెండూ దాటితే లబ్ధం కనీసం 14,641 అవుతుంది. కాబట్టి 113 దాకా చూస్తే సరిపోతుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? 53 దగ్గర కాదు, మళ్లీ 47 దగ్గరే. ఒకసారి పోయిన సంఖ్య రెండోసారి కూడా పోవచ్చు. 43, అంతకంటే చిన్నవి మాత్రం మళ్లీ అక్కర్లేదు, 6,85,871 దగ్గరే అవి తేలిపోయాయి. 47 నుంచి 113 దాకా ఉన్నవి 16 ప్రధాన సంఖ్యలు. ఒక్కోదాని పక్కన శేషం రాయండి: 47కి 23, 53కి 18, అలా చివరి 113కి 16. శేషం రాయకుండా ‘పోదు’ అని టిక్కు పెడితే ఆ లెక్కను నేను ఒప్పుకోను. 91, 119 చూడ్డానికి ప్రధాన సంఖ్యల్లా ఉంటాయి గానీ కావు (7×13, 7×17), వాటితో టైం వృథా చేసుకోకండి.

దేనికీ శేషం సున్నా రాదు. అంటే 14,593 ప్రధాన సంఖ్యే.

1,23,45,678 = 2 × 3² × 47 × 14,593

ఘాతాంకాలు 1, 2, 1, 1. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణించండి: 2×3×2×2 = 24 కారణాంకాలు. వాటి మొత్తం కావాలంటే (1+2) × (1+3+9) × (1+47) × (1+14,593) = 2,73,19,968. ఇందులోంచి అసలు సంఖ్యను తీసేసినా 1,49,74,290 మిగులుతుంది, అది అసలు సంఖ్యకంటే పెద్దది.