కర్ణాటక సంగీత కచేరీల ఫొటోగ్రఫీ: కొత్తవారికి ఎదురయ్యే సమస్యలు, వాటి పరిష్కారాలు

సభామందిరంలో జరిగే కర్ణాటక సంగీత కచేరీని ఫొటో తీయడం పైకి సులువుగానే కనిపిస్తుంది. విద్వాంసులు రెండు గంటలకు పైగా ఒకేచోట కూర్చుని ఉంటారు, సినీ సంగీత విభావరిలో ఉండే పరుగులు ఇక్కడ ఉండవు. అయితే వెలుతురు తక్కువగా ఉంటుంది, ఫ్లాష్ వాడకూడదు, చప్పుడు చేయకూడదు, శ్రోతలకు అడ్డు రాకూడదు. కొత్తవారి ఫొటోల్లో కనిపించే లోపాలు చాలావరకు ఈ షరతుల నుంచి పుట్టేవే గానీ, కెమెరా చవకది కావడం వల్ల వచ్చేవి కావు.

సమస్య: ఫొటో అలికినట్లు ఉంది, లేదా ముఖం బాగానే ఉన్నా చేతులు చెదిరిపోయాయి

షట్టర్ అవసరానికి మించి తెరుచుకుని ఉండటమే దీనికి కారణం. కెమెరాతో పాటు వచ్చే 18-55 ఎంఎం లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దదవుతుంది) ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు కాబట్టి, ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా షట్టర్ వేగాన్ని సెకనులో 1/30 వంతుకు దించేస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దానికన్నా సుమారు పది రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది, ధరలోనూ అందుబాటులో ఉంటుంది. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందు దీనిమీద పెట్టాలి. గాత్రానికి 1/160, వయొలిన్ కమానుకు 1/250, మృదంగం మీది చేతులకు 1/500 మంచి ఆరంభం. మృదంగంపై వేళ్లు కాస్త చెదిరి, ముఖం మాత్రం స్పష్టంగా ఉన్న ఫొటోలోనే నాదం ఎక్కువగా వినిపిస్తుందని నా అభిప్రాయం. కాబట్టి అన్నిచోట్లా 1/500 కోసం పట్టుబట్టనక్కర లేదు.

ఈ వేగాల కోసం ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 దాకా, ఒక్కోసారి 6400 దాకా పెంచాల్సి వస్తుంది. ఫొటోలో నూకలు (నాయిస్ అనే చుక్కలు) వస్తాయని భయపడి తక్కువ ఐఎస్ఓలో చీకటి ఫొటో తీసి, ఇంటికి వెళ్లాక కంప్యూటర్‌లో వెలుతురు పెంచితే నూకలు మరింత ఎక్కువగా కనిపిస్తాయి. రా ఫార్మాట్‌లో (కెమెరా నమోదు చేసినదాన్ని దాదాపు యథాతథంగా దాచే ఫైలులో), సరైన వెలుతురుతో తీయడమే మేలు.

సమస్య: ఫొటోపై నల్లటి లేదా పసుపు రంగు చారలు

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా కొన్నవారిని అన్నిటికన్నా ఎక్కువగా కంగారు పెట్టేది ఇదే. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌తో సరఫరా అవుతుంది కాబట్టి, ట్యూబులైట్లు, నాసిరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు ప్రకాశం పెరుగుతూ తగ్గుతూ వెలుగుతాయి. కంటికి ఆ తేడా తెలియదు. కచేరీలో చప్పుడు కాకూడదని మనం ఎంచుకునే సైలెంట్ షట్టర్, చాలా కెమెరాల్లో, సెన్సర్‌ను (చిత్రాన్ని నమోదు చేసే పలకను) పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తర్వాత ఒకటిగా చదువుతుంది. దీపం వెలిగినప్పుడు చదివిన వరుసలు తెల్లగా, మందగించినప్పుడు చదివినవి నల్లగా వస్తాయి. కెమెరాను నిలువుగా పట్టుకుని తీస్తే చారలు కూడా నిలువుగా మారతాయి, లోపం లెన్స్‌ది కాదనడానికి ఇదే గుర్తు.

ముందుగా షట్టర్ వేగాన్ని 1/100 లేదా 1/50 చేసి చూడాలి. ఆ వ్యవధిలో దీపం పూర్తి ఆవృత్తులు ముగుస్తాయి కాబట్టి ప్రతి వరుసకూ సమానమైన వెలుతురు అందుతుంది. ఆలాపన సాగుతుండగా 1/100 చాలు గానీ, మృదంగానికి చాలదు. అప్పుడు చప్పుడు చేసే మెకానికల్ షట్టర్‌కు మారి, కెమెరాలో యాంటీ ఫ్లికర్ (దీపాల మినుకును తప్పించే) సదుపాయం ఉంటే దానిని ఆన్ చేసి, చప్పట్లు మోగుతున్నప్పుడో, తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఉద్ధృతంగా సాగుతున్నప్పుడో మాత్రమే క్లిక్ చేయాలి. నీరవంగా సాగే రాగాలాపనలో ముందు వరుస నుంచి టకటకమని వినిపించే షట్టర్ కన్నా చారలున్న ఫొటోయే నయం. డిమ్మర్‌తో నడిచే కొన్ని ఎల్ఈడీలు అంతకన్నా చాలా వేగంగా మినుకుమంటాయి, వాటికి 1/100 సూత్రం పనిచేయకపోవచ్చు. షట్టర్ వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, చారలు తగ్గే అంకెను కచేరీ మొదలవక ముందే పట్టుకోవాలి.

సమస్య: ముఖం తెల్లగా వెలిసిపోయింది, లేదా ఊదా రంగు ముద్దలా ఉంది

వెనుక నల్లటి తెర ఉన్నప్పుడు కెమెరా చిత్రమంతటి సగటు చూసి, చీకటి ఎక్కువగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది. కచేరీ పొడవునా దీపాలు మారకపోతే మాన్యువల్ మోడ్‌లో ఒకసారి ముఖానికి సరిపడేలా అమర్చి వదిలేయడం ఉత్తమం. జరీ అంచు, ముక్కుపుడక మెరిసినంత మాత్రాన ఎక్స్‌పోజర్ తగ్గించనక్కర లేదు, చెంప మీది చర్మపు నిగ్గు పోకుండా ఉంటే చాలు. ఊదా, ఎరుపు ఎల్ఈడీల వెలుగులో మాత్రం ఒకే రంగు హద్దు దాటిపోతుంది కాబట్టి మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను (వెలుతురు పంపిణీని చూపే పటాన్ని) విడివిడిగా చూడాలి. అంతకన్నా తేలికైన మార్గం, మైకు పరీక్ష జరుగుతున్నప్పుడే లైటింగ్ చూసేవారి దగ్గరకు వెళ్లి, ముందు వైపు తెల్లటి లైటు ఒకటి వేయమని మర్యాదగా అడగడం.

సమస్య: మైకు స్పష్టంగా ఉంది, కళ్లు మసకగా ఉన్నాయి

మూడు మీటర్ల దూరం నుంచి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాపై 85 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8 వద్ద వాడితే, స్పష్టంగా కనిపించే లోతు సుమారు 13 సెంటీమీటర్లే. ఆటోఫోకస్ ముందున్న మైకును పట్టుకుంటే కళ్లు ఆ పరిధి దాటిపోతాయి. ఫోకస్ బిందువును కంటిపైనే ఉంచి, స్పష్టత లోతు పెరిగేలా ఎఫ్/2.8కి మారి, ఎదురుగా కాక పక్కకు జరిగి తీయాలి.

ఏ పక్కకు అనేది వేదిక అమరికను బట్టి ఉంటుంది. సాధారణంగా శ్రోతలకు ఎడమవైపు మృదంగం, కుడివైపు వయొలిన్ ఉంటాయి, ఇద్దరూ గాయకుడి వైపు తిరిగి కూర్చుంటారు. కాబట్టి మృదంగ విద్వాంసుడి ముఖం కావాలంటే హాలు కుడి పక్కనుంచి, వయొలిన్ విద్వాంసురాలి ముఖం కావాలంటే ఎడమ పక్కనుంచి తీయాలి. మృదంగం వాయించేవారు ఎడమచేతివాటం వారైతే ఈ అమరిక తారుమారవుతుంది. వేదిక కిందనే నిలబడితే గడ్డం కింది భాగమే కనిపిస్తుంది, మానిటర్ స్పీకర్లు ఒడిని కప్పేస్తాయి. నాలుగైదు వరుసల వెనుక, నడవా పక్కన కూర్చుని 135 లేదా 200 ఎంఎం లెన్స్ వాడటం మేలు.

సమస్య: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫొటోలో మాత్రం జీవం లేదు

నోరు తెరిచినప్పుడల్లా క్లిక్ చేయడం దీనికి కారణం. తాళం వేస్తున్న చేతిని, వయొలిన్ విద్వాంసుడు జవాబు ముగించగానే గాయకుడు అటు తిరిగి తల ఊపడాన్ని కనిపెట్టుకుని ఉండాలి. తని ఆవర్తనం చివర కోర్వై (ముగింపు లయ విన్యాసం) మూడుసార్లు వస్తుంది. మొదటిసారి లెక్క పోల్చుకుని, రెండోసారి ఫ్రేము సిద్ధం చేసుకుని, మూడోసారి ముగింపు పడుతుండగా వరుసగా నాలుగైదు ఫొటోలు తీయాలి. ఘటం, మృదంగం వాయించేవారు ఒకరినొకరు చూసుకుని నవ్వేది అప్పుడే. ఈ సమయానికి కుడి పక్కకు చేరుకుని ఉండాలి కాబట్టి, ప్రధాన కీర్తనలో స్వరకల్పన (స్వరాలను అప్పటికప్పుడు అల్లి పాడే భాగం) చివరికి వస్తుండగానే కదలాలి. మధ్యలో లేచి నడిస్తే శ్రోతలకు అడ్డు పడతాం, నిర్వాహకులు మరోసారి ముందు వరుసలోకి రానివ్వరు.