స్టెల్లెన్‌బోష్ వెళ్తే ముందు ఏటి ఒడ్డుకి వెళ్లండి

కేప్‌టౌన్‌కి తూర్పున 50 కిలోమీటర్లు, కార్లో గంట లోపే. మనవాళ్లు చాలామంది వైన్ తోటల్లో ఫొటోలు దిగి సాయంత్రానికి వెనక్కొచ్చేస్తారు కానీ దక్షిణాఫ్రికాలో డచ్చివాళ్లు కేప్‌టౌన్ తర్వాత కట్టిన ఊరు ఇది, ఒక్క పూట కేటాయించండి, అంతా నడిచే చూసేయొచ్చు.

ఏర్స్‌టె నది దగ్గర మొదలుపెట్టండి. ఏర్స్‌టె అంటే మొదటిది, కేప్ నుంచి, అంటే ఇప్పటి కేప్‌టౌన్ నుంచి, ఇసుక మైదానం దాటి వచ్చేవాళ్లకి మొదట తగిలే ఏరు. 1679 నవంబర్‌లో, అప్పుడే కేప్‌లోని డచ్చి స్థావరానికి కమాండర్‌గా వచ్చిన సైమన్ ఫాన్ డెర్ స్టెల్ ఇక్కడ బస చేసి, నీళ్లూ చెట్లూ చూసి ముచ్చటపడి తన పేరే పెట్టేశాడు, స్టెల్లెన్‌బోష్ అంటే స్టెల్ అడవి అని. కేప్‌లో ఆగే ఓడలకి తిండిగింజలు చాలట్లేదు, అందుకే సాగు చేసుకోగలిగినంత భూమి ఇస్తానని రైతుల్ని పిలిస్తే 1680లో మొదటివాళ్లు దిగారు. కాకపోతే అది ఖాళీ నేలేం కాదండీ, అంతకుముందు నుంచీ అక్కడి స్థానికులైన ఖోయ్‌ఖోయ్ వాళ్లు పశువుల్ని మేపుకున్న లోయ.

అక్కణ్ణుంచి డోర్ప్ స్ట్రీట్‌కి రండి. తెల్ల సున్నం గోడల కంటే ముందు రోడ్డు పక్కన పారే పిల్లకాలువలు చూడండి, ఏటి నీళ్లు వాటిల్లోంచే పెరళ్లకీ తోటలకీ వెళ్లేవి, మన పొలాల్లో లాగే వంతులు పెట్టుకుని. ఊరు ఎలా బతికిందో నాకు అక్కడే అర్థమైంది.

తర్వాత విలేజ్ మ్యూజియంలో 1709 నాటి ష్రూడర్‌హౌస్‌లోకి వెళ్లండి, దీన్ని మాత్రం హడావిడిగా చూడొద్దు. గడ్డి కప్పు, మందపాటి గోడలు, చిన్న కిటికీలు. అప్పటి కేప్ ఇళ్లల్లో మట్టినేల మీద పేడతో అలికేవాళ్లు, మనకి కొత్తేం కాదు. 1710లో మంటలు లేచి చర్చీ, కచేరీ, చాలా ఇళ్లూ కాలిపోయాయి, ఇది మిగిలింది. దారిలో 1777 నాటి మందుగుండు కొట్టు క్రౌట్‌హౌస్ బయటినుంచి చూసినా చాలు.

చివరగా ఒక పని తప్పకుండా చేయండి. ఈ ఊరి మీద అప్పట్లో పెత్తనం డచ్ ఈస్టిండియా కంపెనీది, మచిలీపట్నంలో, భీమిలిలో వర్తక కోఠీలు పెట్టింది కూడా అదే కంపెనీ. మన తూర్పు తీరం నుంచి కూడా మనుషుల్ని బానిసలుగా కేప్‌కి తోలుకెళ్లారు, ఇక్కడి పొలాల్లో, వంటిళ్లల్లో వాళ్ల చాకిరీ ఉంది. సైమన్ అమ్మమ్మ కూడా మన దేశం నుంచి వచ్చిన బానిసేనని అంటారు. అందుకని ఆ కాలం కాగితాలు, ఆస్తి జాబితాలు ఎక్కడ కనిపించినా పేర్ల చివర చూడండి, "ఫాన్ కోరమాండల్" అని ఉంటే కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం నుంచి వచ్చిన మనిషని అర్థం. సొంత ఊరు పేరో ఇంటిపేరో దొరుకుతుందని వెతక్కండి, చాలాసార్లు యజమాని పెట్టిన పేరూ ఆ తీరం పేరూ, అంతే ఉంటాయి.