ఉద్యోగం వెతకడం, 3వ పాఠం: ఉద్దెర ఖాతా

పోయిన పాఠంలో చెప్పిన ఒక పేజీ రెజ్యూమే రాసుకున్నారనుకుంటాను. రాయనివాళ్లు ముందు ఆ పని ముగించి రండి. ఇవాళ్టిదంతా దాన్ని పంపాక మొదలయ్యే సంగతి.

ముందు నా సంగతే చెప్పుకుంటాను. బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయిన ఎండాకాలం. మహబూబ్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్‌లో కూర్చొని, కనబడిన ప్రతి ప్రకటనకూ రెజ్యూమే పంపాను. ఎన్నింటికి పంపానో లెక్క లేదు. మూడు వారాల తర్వాత బస్టాండ్‌లో నారాయణపేట బస్సు ఎక్కుతుంటే ఫోన్ మోగింది. "క్వాలిటీ కంట్రోల్ పోస్టుకు అప్లై చేశారు కదా, ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని ఒక మేడం. "ఏ కంపెనీ మేడం?" అన్నాను. ఆమె పేరు చెప్పింది. కండక్టర్ కేకల్లో నాకు వినబడలేదు. "ఆఁ మేడం, పోస్టు ఏంది మేడం?" అని మళ్లీ అడిగాను, ఆమె మొదటి మాటలోనే చెప్పిందని మరిచిపోయి. "సరే, మళ్లీ చేస్తాం" అని పెట్టేసింది. చేయలేదు. అది జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీ అని పాత మెయిళ్లు తవ్వితే తెలిసింది. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల ఎంత దూరమని, అరగంట బస్సు.

చాలా చోట్ల అప్లై చేయడం తప్పని నేననను. లెక్క రాయకపోవడమే తప్పు. ఊళ్లో కిరాణా సేటు ఉద్దెర ఖాతా చూడండి. ఎవరు తీసుకున్నారు, ఏ రోజు, ఎంత. పది రూపాయల సబ్బు కూడా అందులో ఉంటుంది. బతుకుదెరువు విషయంలో మాత్రం మనం అంతా గుర్తుంటుందిలే అనుకుంటాం.

చిన్న నోటుబుక్కు ఒకటి కొనండి. ఫోన్‌లో రాస్తానంటారు కొందరు. ఫోన్ చెవి దగ్గరుంటే అందులో ఏం చూస్తారు? ఒక్కో ఉద్యోగానికి అర పేజీ వదలండి. నేను నేర్పే పిల్లలు ఇలా రాస్తారు:

"జూన్ 12. చౌటుప్పల్, మందుల కంపెనీ (ఇక్కడ పేరు పూర్తిగా). పోస్టు: ప్రొడక్షన్ ట్రైనీ. పేపర్‌లో చూశాను. ల్యాబ్ పని ముందు పెట్టిన రెజ్యూమే పంపాను. మూడు షిఫ్టులు, కంపెనీ బస్సు ఉందట. జీతం రాయలేదు, అడగాలి."

చివరి ముక్క చూశారా? 'అడగాలి' అని రాసుకున్నవాడు ఫోన్ రాగానే తడబడడు. అడగడానికి అతని దగ్గర ఒక ప్రశ్న సిద్ధంగా ఉంది. వారం దాటినా కబురు లేకపోతే ఒక్క మెయిల్ పెట్టి, ఆ తేదీ కూడా కింద రాయండి. రోజూ ఫోన్ చేసి విసిగించకండి.

రోడ్డు మీదో బస్సులోనో ఫోన్ వస్తే "మేడం, బస్సులో ఉన్నాను, పదిహేను నిమిషాల్లో నేనే చేయొచ్చా?" అనండి. ఎవరూ ఏమనుకోరు. ఆ రోజు నాకీ ఒక్క మాట తట్టలేదు. ఇంకొకటి, రెజ్యూమేలో ఇచ్చిన నంబర్‌కు రీచార్జ్ అయిపోకుండా చూసుకోండి. ఇన్‌కమింగ్ ఆగిపోయిన సిమ్‌కు ఏ కంపెనీ ఉత్తరం రాయదు.

మోసగాళ్లను పట్టుకోవడానికీ ఈ ఖాతా పనికొస్తుంది. "మీరు సెలెక్ట్ అయ్యారు, ఐడీ కార్డుకు రెండు వేలు పంపండి" అని ఫోన్ వస్తే బుక్కు తిప్పండి. ఆ పేరు ఉండదు. జాబ్ సైట్లలో రెజ్యూమే పెట్టి ఉంటే మీరు అప్లై చేయని కంపెనీ కూడా నిజంగానే పిలవొచ్చు, అందుకని వెంటనే కట్ చేయకండి. పేరు, పోస్టు, ఆఫీసు అడ్రస్ అడిగి రాసుకోండి. డబ్బు మాట వచ్చిందా, అక్కడితో ఆపండి. అప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

గ్రూప్స్ చదివినవాళ్లకు ఒక మాట. 503 పోస్టులతో 2022లో వచ్చిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో 563 పోస్టులతో మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ మధ్య కాలమంతా హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో గడిపినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. "ఈ రెండేళ్లు ఏం చేశారు?" అని అడిగితే నీళ్లు నమిలేవాళ్లను చూశాను, లేని ఉద్యోగం ఉందని చెప్పి దొరికిపోయినవాళ్లనూ చూశాను. "గ్రూప్-1కు చదివాను, ఇప్పుడు ఉద్యోగం చేయాలనుకుంటున్నాను" అనే వాక్యం బుక్కు మొదటి పేజీలో రాసుకోండి. నాలుగుసార్లు పైకి చదవండి. నోరు తిరగాలి.

చివరి పేజీ మీ వివరాలకు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అలాగే ఎక్కించండి. జిల్లా దగ్గర చాలామంది పొరబడతారు. మక్తల్ వాళ్ల ఆధార్‌లో ఇంకా మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉండొచ్చు. 2019 నుంచి అది నారాయణపేట జిల్లా. కోదాడ వాళ్లకూ ఇదే తంటా, 2016 దసరా దాకా వాళ్లది నల్గొండ. ఏ ఫారంలో ఏది రాశారో ఆ కంపెనీ అర పేజీలోనే రాసిపెట్టండి, సర్టిఫికెట్లు చూసే రోజు అడుగుతారు.

ఈ వారం పని: ఇప్పటిదాకా పంపినవన్నీ మెయిల్‌లోని పంపిన ఉత్తరాల్లోంచి తీసి బుక్కులోకి ఎక్కించండి. పనిలో పనిగా స్పామ్ కూడా తెరిచి చూడండి. తర్వాత ఇంట్లో తమ్ముడికో చెల్లెకో బుక్కు ఇచ్చి, ఏదో ఒక పేజీ తీసి హెచ్‌ఆర్ లాగా ఫోన్ చేయమనండి. చెప్పాపెట్టకుండా చేయాలి, మీరు అన్నం తింటున్నప్పుడైతే మరీ మంచిది.