థైరాయిడ్ మాత్ర ఎలా వేసుకోవాలి? ముందు కాఫీ గ్లాసు పక్కన పెట్టండి

తిరుపతిలో మా ఇంట్లో తెల్లవారుజామున ఐదింటికే డికాషన్ దిగుతుంది. అమ్మ థైరాయిడ్ మాత్ర కూడా ఆ కాఫీతోనే మింగేది. ఒక్క రోజూ మానకుండా వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే రక్తపరీక్షలో ఎక్కువగా కనిపించేది) తగ్గకపోయేసరికి డోసు చాలట్లేదేమో అనుకున్నాం. డాక్టరుగారు మాత్రం "దేంతో వేసుకుంటున్నారమ్మా?" అని అడిగారు. నీళ్లతో మొదలుపెట్టాక అదే డోసుకు రెండు నెలల్లో రిపోర్టు దారికొచ్చింది.

కాబట్టి లేవగానే, పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో మాత్ర వేసుకోండి. తర్వాత అరగంట, వీలైతే గంట దాకా కాఫీ, పాలు, రాగిజావ ఏదీ వద్దు, కడుపులో ఇంకేదైనా ఉంటే మాత్రలోని మందు, అంటే లెవోథైరాక్సిన్, రక్తంలోకి సరిగా ఎక్కదు. అమ్మ ఇప్పుడు మాత్ర వేసుకుని వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేసి వస్తుంది, ఆలోపు టైం అయిపోతుంది. పొద్దున అసలు కుదరనివాళ్లు డాక్టరును అడిగి, రాత్రి భోజనమైన 3 గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు.

కాల్షియం, ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. అన్నీ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగేయడం మనకు అలవాటు కదా, అది ఇక్కడ పనికిరాదు, అవి థైరాయిడ్ మందును పేగుల్లోనే పట్టేసుకుంటాయి. మధ్యలో 4 గంటలు ఉండాలి. గ్యాస్ మందులు వాడుతున్నా డాక్టరుకు చెప్పండి.

తిరుమలకు వెళ్లి కంపార్టుమెంట్లో కూర్చున్నాక మాత్ర గుర్తొస్తే టెన్షన్ పడకండి. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. ఆ రోజే వీలైనప్పుడు వేసుకోండి, మర్నాడు గుర్తొస్తే మాత్రం రెండూ కలిపి వేసుకోవద్దు.

సీసాను పొయ్యి గట్టు మీదో కిటికీలోనో పెట్టకండి, మన ఎండలకు మందు బలం తగ్గిపోతుంది.

డోసు మారినా, కంపెనీ మారినా 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకు కనీసం 2 రోజుల ముందే ఆపండి, రిపోర్టు తప్పుగా రావచ్చు. నార్మల్ వచ్చిందని మాత్ర మానేయకండి, మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం ఉంటే డోసు ఎక్కువై ఉండొచ్చు, సొంతంగా తగ్గించుకోకుండా వెంటనే చూపించండి.

గర్భం అని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి హార్మోనే ఆధారం, అందుకే చాలామందికి డోసు పెంచుతారు. "కడుపుతో ఉన్నప్పుడు మాత్రలెందుకు" అని ఇంట్లో పెద్దవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా ఈ ఒక్క మాత్ర మాత్రం మానొద్దు.