బ్రిటన్‌లో ఇద్దరు కలిసి రెండు రోజుల ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే బ్రిటన్‌లో సెలవులు కలవడమే కష్టం. అలా దొరికిన శని, ఆదివారాల్లో లేక్ డిస్ట్రిక్ట్, ఎడిన్‌బరా రెండూ చూసొద్దామని లండన్ నుంచి కారు తీస్తే, సగం సమయం మోటార్‌వే మీదే గడిచిపోతుంది. అందుకే నేనైతే ఊరి కంటే ముందు ప్రయాణ సమయం తేల్చుకోమంటాను. వెళ్లేటప్పుడు రైల్లో నాలుగు గంటలు దాటే చోటైతే అది రెండు రోజుల ట్రిప్ కాదు, దాన్ని లాంగ్ వీకెండ్‌కి పక్కన పెట్టండి.

1. తేదీలు చూసుకోండి

ఇంగ్లండ్, వేల్స్‌లో మే మొదటి సోమవారం, మే చివరి సోమవారం, ఆగస్టు చివరి సోమవారం బ్యాంక్ హాలిడేలు, అంటే అందరికీ సెలవు రోజులు. ఆ వారాంతాల్లో హోటల్ రేట్లు పెరుగుతాయి. పట్టాల మరమ్మతులు కూడా ఎక్కువగా అప్పుడే పెట్టుకుంటారు కాబట్టి రైలు బదులు బస్సు ఎక్కించే అవకాశం ఉంది. వీలైతే ముందు వారమో తర్వాతి వారమో వెళ్లండి.

వెలుతురు కూడా లెక్కలోకి తీసుకోండి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది. కొండలు, సముద్ర తీరాలు వేసవికి ఉంచుకుని, యార్క్, బాత్ లాంటి ఊళ్లు చలికాలానికి పెట్టుకోవచ్చు.

2. రైల్‌కార్డ్ తీసుకుని, తర్వాత టికెట్లు కొనండి

కలిసి తిరిగే ఇద్దరి కోసం ‘టూ టుగెదర్ రైల్‌కార్డ్’ ఉంది. ఏడాది చెల్లుతుంది. టికెట్ ధరలో మూడో వంతు తగ్గుతుంది. కార్డు మీద ఇద్దరి పేర్లు, ఫొటోలు ఉంటాయి, ప్రయాణం మొత్తం ఇద్దరూ కలిసే చేయాలి. ఒక్కరే వెళ్తే పనికిరాదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9:30కి ముందు చెల్లదు. శని, ఆదివారాల్లో ఆ ఆంక్ష లేదు. దూరప్రయాణాలు రెండు చేస్తే చాలావరకు కార్డు డబ్బు తిరిగొచ్చినట్టే.

అడ్వాన్స్ టికెట్లు సాధారణంగా 12 వారాల ముందు నుంచి అమ్మకానికి వస్తాయి, తొందరగా కొంటే చవక. కానీ బుక్ చేసిన రైలు తప్పితే ఆ టికెట్ పనికిరాదు. మధ్యలో ఏదో స్టేషన్‌లో దిగి, చుట్టూ చూసి, వెనక రైలు ఎక్కుదామంటే కుదరదు. అలా దిగాలనుకునే భాగానికి ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) టికెట్ తీసుకోండి. వచ్చే రైలు ఆలస్యమైతే టికెట్ పారేయకండి. చాలా కంపెనీలు 15 నిమిషాలు దాటితేనే ‘డిలే రీపే’ కింద కొంత డబ్బు వెనక్కి ఇస్తాయి.

3. ఒక్క లైన్ పట్టుకోండి: సెటిల్–కార్లైల్

రెండు రోజుల ట్రిప్‌కి నేను ముందుగా చెప్పేది ఉత్తర ఇంగ్లండ్‌లోని ఈ రైలు దారే. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి లీడ్స్‌కి రెండుంబావు గంటలు, అక్కడి నుంచి సెటిల్‌కి ఇంకో గంట. శనివారం మధ్యాహ్నానికల్లా సెటిల్‌లో బ్యాగులు పెట్టేసి, తర్వాతి రైల్లో రిబుల్‌హెడ్‌లో దిగండి.

రిబుల్‌హెడ్ వంతెనకి 24 కమానులు. రైల్లో కూర్చుని దాటేస్తే వంతెన సరిగా కనపడదు, దిగి చూడాల్సిందే. స్టేషన్ నుంచి చిన్న నడక. కింద నిలబడి స్తంభాలను ఒక్కొక్కటిగా గమనించండి: ప్రతి ఆరో స్తంభం మిగతా వాటికంటే లావుగా ఉంటుంది. ఒక కమాను కూలినా వరసగా అన్నీ పడిపోకుండా కట్టిన ఏర్పాటు అది. 1870ల్లో ఈ చిత్తడి నేల మీద కూలీలు గుడిసెలు వేసుకుని బతుకుతూ దీన్ని కట్టారు. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. దగ్గర్లోని చాపెల్-లె-డేల్ చర్చిలో వాళ్ల స్మారకం ఉంది. 1980ల్లో ఈ లైన్‌నే మూసేయాలని చూశారు, జనం గట్టిగా పోరాడాక 1989లో ఆ ఆలోచన మానుకున్నారు. అందుకే ఇక్కడ కాసేపు ఊరికే నిలబడమంటాను. పైనుంచి రైలు వెళ్లేదాకా ఆగండి. గాలి విపరీతంగా కొడుతుంది, వేసవిలోనైనా జాకెట్ ఉండాలి.

ఆదివారం కార్లైల్ దాకా వెళ్లి, అక్కడి నుంచి నేరుగా లండన్ యూస్టన్ రైలు ఎక్కండి. తిరుగు ప్రయాణం కాస్త పొడవే, కానీ అందులో మొదటి సగం చూడ్డానికే వచ్చాం కదా. కార్లైల్ వెళ్లే దారిలో డెంట్ స్టేషన్ వస్తుంది, ఇంగ్లండ్ మెయిన్‌లైన్ స్టేషన్లలో అన్నిటికంటే ఎత్తైనది, దాదాపు 350 మీటర్లు. అక్కడ దిగి ఊరు చూసొద్దామనుకుంటే మాత్రం జాగ్రత్త, ఊరు అక్కడికి నాలుగు మైళ్లకు పైనే. ఈ లైన్‌లో ఒక రైలు తప్పితే గంటల తరబడి ఆగాలి. కాబట్టి ఆదివారం టైమ్‌టేబుల్ ముందు చూసి, దాన్నిబట్టి శనివారం ప్లాన్ వేయండి.

4. తిండి సంగతి

పల్లెటూళ్లలో పబ్ తెరిచే ఉన్నా, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వంటగది మూసేసి మళ్లీ సాయంత్రమే తెరిచేవి చాలా ఉన్నాయి. శాకాహారులైతే మెనూ ముందే చూసుకుని, శనివారం రాత్రికి టేబుల్ బుక్ చేసుకోండి. ఒక డబ్బా పులిహోర వెంట ఉంటే టెన్షన్ ఉండదు.

5. బ్రిటన్ దాటుతుంటే

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి బ్రిటన్ వీసా ఉన్నా పారిస్, బ్రస్సెల్స్ వెళ్లడానికి షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకి కలిపి ఇచ్చేది) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయొచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టడం మంచిది. పెద్దవాళ్లకి ఫీజు మనిషికి 90 యూరోలు. 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపోయే ఇన్సూరెన్స్ ఉండాలి. రెండు మూడు దేశాలు తిరుగుతుంటే ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి.

వీసా పని లేకుండా విమానం ఎక్కాలనిపిస్తే బెల్‌ఫాస్ట్ వెళ్లండి, సముద్రం ఒడ్డున రాతి స్తంభాలుండే జెయింట్స్ కాజ్‌వే చూడండి. ఉత్తర ఐర్లండ్ కూడా యునైటెడ్ కింగ్‌డమ్ (యూకే)లో భాగమే. అయితే అక్కడి నుంచి డబ్లిన్ బస్సు మాత్రం ఎక్కకండి, అది వేరే దేశం, ఐరిష్ వీసా కావాలి. సరిహద్దులో గేటేమీ ఉండదు కాబట్టి చాలామంది ఇక్కడ పొరబడతారు.

ఇంకో పని బయల్దేరే ముందే చేయండి. ఈ-వీసా ఉన్నవాళ్లు, మధ్యలో పాస్‌పోర్ట్ మారి ఉంటే, కొత్త నంబరును యూకేవీఐ (బ్రిటన్ వీసాల విభాగం) ఖాతాలో నమోదు చేశారో లేదో ఇద్దరివీ చూసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు విమానం ఎక్కేచోట మీ వీసా వివరాలు దొరక్క ఇబ్బంది పడతారు.