కళ్ళం ఎంత ఉండాలి? (ఫోటో పనికి డెస్క్‌టాప్ ఎంపిక: మూడో పాఠం)

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మీరు రోజూ చేసే ఆల్బమ్ పని చేస్తూ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడుతోందో రాసుకోమన్నాను. రాయనివాళ్ళు ముందు ఆ పని చేసి రండి. ఆ అంకె చేతిలో లేకుండా షాపుకు పోతే అవతలివాడు చెప్పిందే వేదం.

ఈసారి ర్యామ్, అంటే ఆ మెమరీయే, కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపు ఫైళ్ళు తెరిచి పెట్టుకునే చోటు. మా నెల్లూరు వైపు వడ్ల లెక్కలో చెప్తాను. హార్డ్ డిస్క్ గాదె, ర్యామ్ కళ్ళం. గాదె ఎంత పెద్దదైనా నూర్పిడి జరిగేది కళ్ళంలోనే.

కళ్ళం ఎంత కావాలో లెక్క కట్టి చూద్దాం, కాగితం తీయండి. పెళ్ళి ఆల్బమ్ షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు అనుకుందాం. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల (పిక్సెళ్ళ) చొప్పున, 3,600 ఇంటూ 10,800, అంటే 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెళ్ళు. ఒక్కో రంగుకు 8 బిట్లు, అంటే ఒక బైటు చొప్పున లెక్కేస్తే ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు. మొత్తం దాదాపు 117 ఎంబీ. ఇది ఖాళీ షీటు మాత్రమే! దాని మీద షీటంతా పరుచుకునే లేయరు, అంటే ఇంకో పొర, వేసిన ప్రతిసారీ ఇంకో 117. అలాంటివి పది పడితే ఒక జీబీ దాటిపోయింది. 16 బిట్‌లో చేస్తే అంతా రెట్టింపు. పైగా మనం చేసింది వెనక్కి తిప్పుకోవడానికి ఫోటోషాప్ మామూలుగా 50 అడుగులు గుర్తుపెట్టుకుంటుంది, దానికీ చోటు కావాలి.

"ఫైలు 10 ఎంబీనే గదన్నా, ఇంత ర్యామ్ ఎందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. ఆ 10 ఎంబీ జేపెగ్‌గా నొక్కిపెట్టినప్పటి బరువు. 24 మెగాపిక్సెల్ ఫోటో తెరిచాక 72 ఎంబీ అవుతుంది. ముడి విప్పిన గడ్డిమోపు మళ్ళీ ఆ ముడిలో పట్టదు గదా.

ఇక స్టూడియోలో ఒక్క ఫోటోషాపే ఉండదు. వెనకాల లైట్‌రూమ్ నుంచి వెయ్యి ఫోటోలు ఎక్స్‌పోర్ట్ అవుతుంటాయి, క్రోమ్‌లో వాట్సాప్, యూట్యూబులో పాటలు, పక్కన కుర్చీలో పెళ్ళికూతురి మేనమామ "ఆ తలంబ్రాల ఫోటో ఒకసారి చూపించబ్బాయ్" అంటూ. అందుకే నా మాట: 16 జీబీ మొదటి మెట్టు. ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్ళు 32 తీసుకోండి. వీడియో కూడా కోస్తారా, 64 గురించి ఆలోచించండి. వట్టి పాస్‌పోర్ట్ ఫోటోల పనికి 32 దండగ.

మీరు రాసుకొచ్చిన అంకె ఎక్కువగా ఉందని మాత్రం కంగారుపడొద్దు. ఫోటోషాప్ తనకు దొరికే ర్యామ్‌లో సుమారు 70 శాతం దాకా వాడుకునేట్టు ముందే అమర్చి ఉంటుంది. ఫైలు మూసినా వెంటనే వదలదు. అసలు సాక్షి వేరే ఉంది. ఫోటోషాప్ కింద ఎడమ మూల చిన్న బాణం గుర్తు నొక్కి 'ఎఫిషియెన్సీ' ఎంచుకోండి. 100 శాతం చూపిస్తుంటే కళ్ళం సరిపోతున్నట్టు. 70, 60కి పడిపోతుంటే చోటు చాలక డిస్క్ మీద పోసి, మళ్ళీ ఎత్తుకొస్తోందన్నమాట. ఆ డిస్క్ పాతకాలం తిరిగే హార్డ్ డిస్క్ అయితే సేవ్ కొట్టి టీ తాగి రావచ్చు.

నేను ఆ టీలు చాలా తాగాను. ఒంగోల్లో మొదటి మిషను కొన్నప్పుడు డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద, లైట్లు వెలిగే క్యాబినెట్ మీద పెట్టి, ర్యామ్ 8 జీబీది ఒకే స్టిక్ (ర్యామ్ పట్టీ) వేయించాను. చవితి పందిరిలా వెలిగేది గానీ ఒక్క షీటు కదిలేది కాదు. తప్పు షాపువాడిది కాదు, నేనే ముచ్చటపడ్డాను.

ఒకే స్టిక్ అన్నాను గదా, అదీ తప్పే. 32 కావాలంటే 16వి రెండు తీసుకోండి. రెండు దారుల్లో డేటా నడుస్తుంది కాబట్టి వేగం పెరుగుతుంది. మదర్‌బోర్డు మీద ర్యామ్ గుచ్చే స్లాట్లు నాలుగుంటే, చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, బోర్డు పుస్తకంలో చూసుకోండి. ర్యామ్‌లో పాత తరం డీడీఆర్4, కొత్త తరం డీడీఆర్5 ఒకదాని చోట ఇంకొకటి పట్టవు, గాటు వేరే చోట ఉంటుంది. పట్టకపోతే బలవంతం చేయొద్దు.

బిగించేటప్పుడు ప్లగ్గు పీకేసి, క్యాబినెట్ ఇనుప రేకును ఒకసారి తాకి, గాటు కలిసేట్టు నిలబెట్టి రెండు చివరలా బొటనవేళ్ళతో నొక్కండి. టక్‌మని క్లిప్ పడాలి. డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ను సరిచూసుకుంటోందని ఆగండి, ఆపేయొద్దు.

ఇంటిపని: మీ దగ్గరున్న అతి బరువైన ఆల్బమ్ షీటు తెరిచి, అరగంట పనిచేశాక ఎఫిషియెన్సీ ఎంతుందో, సేవ్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. వచ్చే పాఠం ఎస్ఎస్‌డీ గురించి, ఆ రెండు అంకెలతోనే మొదలవుతుంది.